బ్యాంకాకు నగరమున ఒక దినము

విత్తనములు, ఎరువులు, అప్పుల వాయిదాలు మొదలగు విషయములు ప్రచురింపబడు ఈ పత్రికలో నగరవిహారమును గూర్చి వ్రాయుట కొందరు సభ్యులకు వింతగా తోపవచ్చును. కాని రైతునకు విశ్రాంతి యనునది అక్కరలేని వస్తువు కాదు. కన్నులు తెరచుకొని తిరిగినచో విశ్రాంతి దినమున గూడ సంఘమునకు పనికివచ్చు సంగతులు కొన్ని లభించును. అట్టి యొక దినమును గూర్చి ఇచ్చట విన్నవించుచున్నాము.

గడచిన ధనుర్మాసమున మా ప్రాంతపు సహకార సంఘ సభ్యులు తొమ్మండుగురు థాయిలాండు దేశమున వరిసాగును చూచుటకై స్వంత వ్యయముతో బయలుదేరగా మేమును వారితో పోయితిమి. పొలములు చూచుట ముగిసిన పిమ్మట, తిరుగు విమానమునకు ముందు బ్యాంకాకు నగరమున ఒక దినము మిగిలెను. దానిని ఎట్లు గడపవలెనని ప్రశ్న పుట్టెను.

మాలో పెద్దవాడు ఒక మామిడితోట రైతు. ఆయనకు అరువదియారేండ్లు. “గదిలో పండుకొందము. మేడలు చూచుటకు డబ్బేల తగులబెట్టవలెను?” అని ఆయన అనెను. సేద్యమున దిగిన నాటినుండి పని లేకుండ గడచిన దినమన్నచో జ్వరము వచ్చిన దినమే యని గూడ చెప్పెను. మేము బాల్యమున మిషను పాఠశాలలో చదివినప్పుడు, ఆరు దినములు పనిచేసిన పిమ్మట ఏడవనాడు మనుష్యుడే గాక అతని యెద్దును విశ్రమింపవలెనను నియమమును వినియుంటిమి. మన పల్లెలలోను అమావాస్యనాడు అరక కట్టకుండుట పరిపాటి. “పెద్దయ్యగారూ, ఎడ్లకు అమావాస్య కలదు గదా, తోలువానికి మాత్రము ఏల ఉండరాదు?” అని మేమడుగగా ఆయన నవ్వి పైపంచె సవరించుకొని లేచెను.

ఆయన మనస్సున వేరొక భారము గలదని మాకు తెలియును. ఆ దినములలో ఆయన తోట పూతకు వచ్చుచుండెను. సంక్రాంతి వెళ్లగానే వర్తకుడు వచ్చి పూతమీదనే తోటను గుత్తకు అడుగును. ఆయన పలు సంవత్సరములుగా అట్లే ఇచ్చుచుండెను. ఈసారి యేమి చేయుటయో తేలక ఊరు విడిచి వచ్చెను.

పూల సంత

తెల్లవారక ముందే ‘పాక్ ఖ్లాంగ్ తలాత్’ అను పూల సంతకు పోతిమి. కాలువ ముఖమున నున్న సంత యని ఆ పేరున కర్థము. ఇది చావో ఫ్రాయా నదికి చేరువగా, పాత నగరము నంటియున్నది. పూర్వము ఇచ్చట పడవలమీద సంత జరిగెడిది. కొంతకాలము చేపలు, పిమ్మట కూరగాయలు అమ్ముచుండిరి. ఇప్పుడు పూలకు ప్రసిద్ధి. రాత్రింబవళ్లు అంగళ్లు తెరచియే యుండును గాని పెద్ద బేరములు తెల్లవారుజామునకు ముందే జరుగును.

మల్లెమొగ్గలు, బంతి, గులాబీలు, తామర మొగ్గలు, ఆర్కిడ్లు గుట్టలుగా నుండెను. మన కడియము ప్రాంతమున పూల వర్తకమును చూచినవారు మాలో ఇద్దరుండిరి. వారు అంగడి అంగడికి నిలిచి పరిశీలించిరి. మల్లెమొగ్గ విచ్చకుండుటకై మంచుముక్కలతో ఉంచుచున్నారు. బంతిపూలను పరిమాణమునుబట్టి వేర్వేరు సంచులలో పోయుచున్నారు. తామర మొగ్గ రేకులను ఒకటొకటిగా లోనికి మడచి, బుద్ధునికి అర్పించుటకు అందముగా అమర్చుచున్నారు. మల్లెలు గ్రుచ్చి చేసిన చిన్న హారములను ‘ఫువాంగ్ మాలై’ అందురు. ఆ హారము ఒక్కటి కొని మా పెద్దయ్యగారు చేతికి తగిలించుకొనెను. విడిపూలకంటె గ్రుచ్చిన హారమునకు వెల యెక్కువ యనియు, గ్రుచ్చు పని అంగడిలోనే ఇంటి ఆడవారు చేయుచున్నారనియు ఆయనయే మాకు చూపెను.

రాజప్రాసాదము, దళారి మాట

తెల్లవారిన పిమ్మట నది వెంబడి అరగంట నడచి రాజప్రాసాదము చేరితిమి. ఈ నగరమును 1782లో మొదటి రామరాజు నిర్మించెను. ప్రజలు దీనిని ‘క్రుంగ్ థేప్’ అందురు. దేవనగరమని అర్థము. దీని పూర్తి పేరు మిక్కిలి దీర్ఘమైనది. అందులో మహానగర, అమర, రత్న, మహేంద్ర, అయోధ్య, విశ్వకర్మ మొదలగు మన మెరిగిన మాటలే ఉచ్చారణ మారి వినవచ్చును.

ప్రాసాదపు గోడ ప్రక్కన చక్కని దుస్తులు ధరించిన ఒక మనుష్యుడు మమ్ము ఆపెను. “ఈ పూట లోపల పూజలు జరుగుచున్నవి. మధ్యాహ్నము వరకు ఎవరిని పోనీయరు. అంతవరకు నా బండిలో నాలుగు గుడులు చూపి, రత్నముల అంగడికి తీసికొనిపోయెదను. కూలి స్వల్పమే” అని ఆంగ్లమున చెప్పెను. మేము అది నమ్మి బండి యెక్కుటకు సిద్ధమైతిమి. మా మాటలవలన విషయము గ్రహించిన పెద్దయ్యగారు మాత్రము కదలలేదు. “యార్డులోనికి పోకముందే గేటు కడ నిలిచి, నేడు ధర లేదు, సరకు నాకిచ్చి పొమ్మను దళారి మాటవలె నున్నది. లోపలికి పోయి అడుగుదము” అనెను. ద్వారము కడకు పోయి చూడగా అది తెరచియే యుండెను. జనులు బారులు తీరి లోనికి పోవుచుండిరి. ఇట్టి మోసము ఆ చోట తరచు జరుగుచుండుననియు, ద్వారము కడ స్వయముగా విచారింపనిదే ఎవరి మాటయు నమ్మరాదనియు పిమ్మట తెలిసికొంటిమి. సేద్యమున అక్షరము నేర్పువారమని పేరు పెట్టుకొన్న మాకు ఆనాడు ఆ రైతు పాఠము చెప్పెను.

మేము పోయినప్పుడు విదేశీయులకు ప్రవేశ రుసుము మనిషికి 500 బాత్‌లు. భుజములు, మోకాళ్లు కప్పుకొననివారిని లోనికి రానీయరు. కాళ్లవరకు దిగిన పంచెకట్టుకు ఆటంకము లేకపోయెను. ఆ దేశీయులును పూర్వము మన గోచిపంచె వంటి ‘చోంగ్ క్రబేన్’ ధరించెడివారు.

లోపలి మరకతబుద్ధుని విగ్రహము పచ్చని రాతిలో మలచినది. ఎత్తు సుమారు 66 సెంటీమీటర్లు మాత్రమే. వేసవి, వర్షాకాలము, శీతకాలము అను మూడు ఋతువులకు మూడు వేషములు గలవు. ఋతువు మారినప్పుడు రాజే స్వయముగా వేషము మార్చును. గుడి చుట్టునున్న వసారా గోడలపై వారి రామాయణమైన రామకియన్ కథ 178 భాగములుగా చిత్రింపబడియున్నది. రావణుని వారు ‘తోత్సకాన్’ అందురు. అది దశకంఠ శబ్దమే. హనుమంతుడు తెల్లని దేహముతో ఉండును. వారి కథలో ఆయన బ్రహ్మచారి కాడని తెలిసి మావారు చెవులు మూసికొనిరి. అయినను గోడ వెంబడి కథను పోల్చుకొనుచు పోవుటలో గంటన్నర గడచినది తెలియలేదు.

వారి ఏరువాక

ప్రాసాదమునకు ఉత్తరమున ‘సనాం లువాంగ్’ అను విశాలమైన మైదానము గలదు. రైతులు దీనిని తప్పక చూడవలెను. ఏటేట మే నెలలో ఇచ్చట రాజ హలకర్షణోత్సవము జరుగును. మన ఏరువాక పున్నమకు ఇది చుట్టమని చెప్పవచ్చును. నడుమ నిలిచిపోయిన ఈ యుత్సవమును 1960లో భూమిబోల్ రాజు పునరుద్ధరించెను. ఆస్థాన బ్రాహ్మణులు శంఖము లూదుచుండగా, నాగలి పట్టు అధికారి ముందుగా మూడు కొలతల వస్త్రములలో ఒకటి చూడకుండ ఎన్నుకొనును. పొడుగు వస్త్రము వచ్చినచో వాన తక్కువయనియు, పొట్టిది వచ్చినచో ఎక్కువయనియు నమ్ముదురు. నీరు నిండిన మడిలో పంచె పైకెత్తి కట్టవలసి యుండును గదా. పిమ్మట ఎడ్ల ముందర వడ్లు, మొక్కజొన్న, కాయధాన్యము, నువ్వులు, గడ్డి, నీరు, మద్యము అను ఏడింటిని ఉంచి, అవి దేనిని ముట్టునో దానినిబట్టి ఆ యేటి ఫలము చెప్పుదురు.

ఉత్సవము ముగియగానే ప్రజలు మైదానమున చొరబడి, చల్లిన వడ్లను ఏరుకొనిపోయి తమ విత్తనములలో కలుపుకొందురు. మొలక శాతము చూడనిదే విత్తనము చల్లవద్దని ఊరూర చెప్పు మాకు ఆ సంగతి విని నవ్వు వచ్చెను. కాని ఒక దేశపు రాజధాని నడిబొడ్డున, రాజు సమక్షమున నాగలికి ఇట్టి గౌరవము జరుగుట చిన్న విషయము కాదు.

విశ్రాంతి

మరల దక్షిణముగా నడచి ‘వాట్ ఫో’ అను ఆలయమునకు వచ్చితిమి. ఇచ్చట శయనించియున్న బుద్ధవిగ్రహము పొడవు 46 మీటర్లు, ఎత్తు 15 మీటర్లు. అరికాళ్లపై ముత్యపుచిప్పలతో 108 శుభచిహ్నములు పొదిగియున్నవి. గోడ ప్రక్కన వరుసగా నుంచిన 108 కంచు పాత్రలలో భక్తులు ఒక్కొక్క నాణెము వేయుచు పోవుదురు. ఆ సవ్వడి ఆలయమంతయు వినిపించుచుండును.

మూడవ రామరాజు కాలమున ఈ ఆలయమున వైద్యాది విద్యలను రాతిపలకలపై చెక్కించిరి. 1955లో ఇచ్చట సంప్రదాయ వైద్య పాఠశాల నెలకొల్పబడెను. థాయి మర్దనవిద్య 2019లో యునెస్కో వారి వారసత్వ పట్టికలో చేర్చబడెను. నూనె పూయరు. వదులు దుస్తులతో చాపపై పరుండబెట్టి, బొటనవ్రేళ్లతోను మోచేతులతోను నరముల వెంబడి ఒత్తుదురు. కాలుసేతులను మెల్లగా సాగదీయుదురు. గుండెజబ్బు గలవారు, ఎముక విరిగి నయమగుచున్నవారు, గర్భిణులు ముందుగా చెప్పవలెను.

పెద్దయ్యగారు మొదట సిగ్గుపడి వలదనెను. మగవాడే ఒత్తునని చెప్పిన పిమ్మట ఒప్పుకొనెను. పనివాడు ఆయన కుడి భుజముపై చేయి వేసి, ఆగి, మమ్ము చూచి ఏదో అడిగెను. ఆ భుజము రాయివలె బిగిసియుండెను. మందు కొట్టు పంపును ఏండ్ల తరబడి మోసిన భుజమది. గంట గడచునప్పటికి ఆయన గుర్రుపెట్టి నిదురించుచుండెను. ఎవరును లేపలేదు. మేమందరము వసారాలో కూర్చుండి నీరు త్రాగుచు, ఏ పనియు లేక, చెట్ల నీడలు జరుగుట చూచుచుంటిమి. ఆ దినమున మాకు మిక్కిలి జ్ఞాపకమున్న ఘడియలు అవియే.

పిమ్మట రేవునకు పోయి పడవలో నది దాటితిమి. ఆవలి యొడ్డున ‘వాట్ అరుణ్’ గలదు. సూర్యసారథియైన అరుణుని పేరది. దాని శిఖరమంతయు చీనా పింగాణి పాత్రల పెంకులతో పూలవలె అలంకరింపబడినది. చీనా నావలు బరువునకై అడుగున వేసికొని వచ్చిన పింగాణియే ఇట్లు వినియోగపడెనని చెప్పుదురు. మావారిలో ఒకడు, “మన యిండ్లలో పగిలిన కుండను దిబ్బమీద వేయుదుము. వీరు గోపురము కట్టిరి” అనెను.

క్షేత్రకరుల సంత

మరల ఈవలకు వచ్చి, ‘సనాం చై’ అను భూగర్భ రైలు స్టేషనున రైలెక్కితిమి. తామరమొగ్గల వంటి శిరస్సులు గల స్తంభములతో అది రాజసభవలె నున్నది. ‘కంఫేంగ్ ఫెత్’ స్టేషనున దిగి మెట్లెక్కగానే ‘ఓ తో కో’ సంత కనబడును. ఆ మూడక్షరములు ఒక సంస్థ పేరునకు పొడి అక్షరములు. రైతుల విక్రయ సంస్థ యని దాని యర్థము. 1974లో ప్రభుత్వము నెలకొల్పిన సంస్థ యిది. వారి భాషలో రైతును ‘కసెత్తకొన్’ అందురు. వ్రాయునప్పుడు క్షేత్రకర యను మన మాటయే. సహకార సంఘమును ‘సహకొన్’ అందురు. అదియు సహకరణ శబ్దమే. ఈ రెండు మాటలు విన్న పిమ్మట మావారికి ఆ సంత పరాయి చోటుగా తోపలేదు.

సంత పైకప్పు ఎత్తైనది, నేల శుభ్రముగా నున్నది. పనస, పంపర పనస, డురియన్, మాంగోస్టీన్ మొదలగు పండ్లు తరగతులుగా ఏరి పేర్చియుండెను. పెద్దయ్యగారు మామిడిపండ్ల కడ నిలిచిపోయెను. తన తోట పూతమీద నున్న నెలలో ఇచ్చట పండిన ‘నాం దోక్ మై’ పండ్లు! పసుపు పూసినట్లు మచ్చలేని పండ్లు. ఒక్కొక్క దానికి మెత్తని వల తొడుగు వేసియున్నారు. అకాలమున కాపు రప్పించు పద్ధతులు ఆ దేశపు తోటలలో వాడుకలో నున్నవి. కాయ కోడిగ్రుడ్డంత కాగానే చెట్టుమీదనే కాగితపు సంచి తొడుగుదురు. అందువలన పండుఈగ ముట్టదు, తోలుపై గీతలు పడవు, రంగు ఏకరీతిగా వచ్చును. మన నూజివీడు, చిత్తూరు ప్రాంతములలోను కొందరు ఈ పని మొదలుపెట్టిరి. ముట్టుటకు వీలుకాని పండ్లను ఎండు ముక్కలుగాను, తీపి పదార్థములుగాను మార్చి ప్రక్క అంగడిలోనే అమ్ముచున్నారు. నదికి ఆవల చూచిన పింగాణి పెంకులు మాకు జ్ఞప్తికి వచ్చెను.

కిలో వెల విని, రూపాయలలోనికి మార్చి, పెద్దయ్యగారు కొంతసేపు మాటాడలేదు. అది తనకు తోటమీద దక్కు ధరకు పలురెట్లు. ఇచ్చట మేము ఒక హెచ్చరిక చేసితిమి. ఆ సంత సంపన్నులు కొనునది. అంగడి అద్దె, కూలి, రవాణా, చెడిపోవు పండ్ల నష్టము ఆ వెలలోనే యున్నవి. ఆ సొమ్మంతయు రైతునకు చేరునని తలపరాదు. ఆయన తల యూపెను. “అది తెలియును. కాని పూతమీద ఇచ్చినవానికి ఏ రెట్టులోను పాలు లేదు గదా. నాకు సంక్రాంతి తరువాత సొమ్ము కావలెను. వర్తకుడు తప్ప ఎవరిత్తురు?” అనెను.

కొబ్బరిపాలు పోసిన జిగురుబియ్యపు అన్నముతో మామిడిముక్కలు తినుచు, మేము ఆయనకు ఒక పాత సంగతి చెప్పితిమి. ఆ దేశమును సియాం అనుచుండిన కాలమున, అప్పులలో మునిగిన వరి రైతుల కొరకు మార్గము చూపుమని అచ్చటి ప్రభుత్వము 1914లో మద్రాసు బ్యాంకు అధికారియైన సర్ బెర్నార్డ్ హంటరును రప్పించెను. ఆయన సహకార సంఘములను స్థాపింపుమని సలహా ఇచ్చెను. 1916 ఫిబ్రవరి 26న ఫిట్సనులోక్ మండలమున ‘వాట్ చాన్’ అనుచోట తొలి సంఘము ఏర్పడెను. విద్యాలంకరణ రాజకుమారుడు దానికి ప్రోత్సాహకుడు. చేరినవారు 16 మంది రైతులు. ఒకరి అప్పునకు అందరును బాధ్యులగు అపరిమిత బాధ్యతా సంఘమది. నేటికిని ఆ తేదీని వారు సహకార దినముగా జరుపుకొందురు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలోనివే. చెన్నపురినుండి పోయిన సలహా అచ్చట పదునార్గురు రైతులను ఒక చోట కూర్చెను. పెద్దయ్యగారు ఆ సంఖ్యను రెండుమార్లు అడిగి తెలిసికొనెను.

సాయంకాలము

మరల రైలెక్కి లుంఫిని వనమునకు పోతిమి. బుద్ధుని జన్మస్థలమైన లుంబిని పేరది. ఆరవ రామరాజు 1925లో ప్రజలకిచ్చిన ఈ వనము విస్తీర్ణము 360 రయిలు, అనగా సుమారు 142 ఎకరములు. నడుమ చెరువు, అందు పడవలు. గట్టుమీద నిలువెత్తు నీటి ఉడుములు నిర్భయముగా తిరుగును. వానిని ఎవరును కొట్టరు. చుట్టును ఆకాశము నంటు మేడలు, నడుమ గడ్డిమీద పండుకొన్న మనుష్యులు. మేమును పండుకొంటిమి.

సరిగా ఆరు గంటలకు జాతీయగీతము వినబడెను. పరుగెత్తుచున్నవారు, ఆడుకొనుచున్న పిల్లలు, అందరును ఉన్నచోటనే నిలిచిపోయిరి. మేమును లేచి నిలిచితిమి. గీతము ముగియగానే మరల పరుగు, ఆట సాగెను. పెద్దయ్యగారు కుడి భుజమును ఒకమారు త్రిప్పి చూచుకొని, “ఊరు పోయిన పిమ్మట నెలకొక అమావాస్య నేనును పాటించెదను” అనెను.

అట్టి ప్రయాణము చేయదలచు సభ్యులకు కొన్ని మాటలు. ప్రవేశ నియమములను బయలుదేరుటకు ముందే విచారింపుడు. వారి గడియారము మనకంటె గంటన్నర ముందుండును. రాజప్రాసాదము ఉదయము 8.30కు తెరచుదురు. ఎండ ముదరక ముందే పోవుట మేలు. నిండు దుస్తులు, త్రాగునీరు వెంట నుంచుకొనుడు. నలుగురైదుగురు కలిసి పోయి, ఖర్చు ఒకరి చేతిలో నుంచి, రాత్రి లెక్క చూచుకొనుడు. అన్నిటిని చూడవలెనని పరుగెత్తకుడు. ఒక గంటయైనను ఊరక కూర్చుండుడు.

మేము తిరిగివచ్చిన తరువాత, సంక్రాంతి వెళ్లిన మూడవనాడు వర్తకుడు బయానాతో పెద్దయ్యగారి యింటికి వచ్చెను. ఆయన సొమ్ము తీసికొనక పదిదినములు గడువడిగెను. పూతమీద అమ్మకుండ నిలిచిన తోట రైతులకు కాపు వరకు సంఘము అప్పు ఇయ్యగలదా, కాయలను ఒకే చోట ఏరి ఉమ్మడిగా అమ్మగలమా యను ప్రశ్నలను వ్రాసి కార్యదర్శిగారి కిచ్చెను. ఆయనతో చేవ్రాలు చేసినవారు ఇప్పటికి ఏడుగురు. ఆ విషయము రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు వచ్చును. తోటలు గలవారు, లేనివారు గూడ తప్పక రావలెనని కోరుచున్నాము.